నల్లంచి నల్లమచ్చగా మిగలకుండా

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా పొలం గట్టున రోజూ పొద్దున్నే నల్లంచి పిట్ట పాడుతుంది. 300 మి.మీ. లెన్స్‌తో ఫొటోలు తీస్తున్నాను. పిట్ట ఆకారమే తప్ప ఈకలు కనిపించడం లేదు. కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తోంది. సరిచేయడం ఎలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ ఇబ్బందికి మూలం కంప్యూటర్‌లో కాదు, గట్టు మీదే ఉంది. మగ నల్లంచి పాడేందుకు కంచె కడీ మీదనో, బండ కొసనో కూర్చుంటుంది కనుక దాని వెనుక ఆకాశమే ఎక్కువగా ఉంటుంది. ఆ వెలుతురును చూసి కెమెరా దృశ్యం మొత్తాన్నీ తగ్గించి తీస్తుంది, అసలే నల్లని పిట్ట చీకట్లో కలిసిపోతుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా, పిట్ట వెనుక ఆకాశానికి బదులు చింతచెట్టో దూరపు గుట్టో పడేలా నాలుగడుగులు పక్కకు జరగండి. అది కుదరకపోతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుతురును మనం పెంచే, తగ్గించే అమరికను) +1 నుంచి +1.5 దాకా పెంచండి. ఆకాశం తెల్లబడినా ఫరవాలేదు, మనకు కావలసింది పిట్ట. అయితే పిట్టే ఫ్రేమును నింపినప్పుడు కెమెరా ఆ నలుపును బూడిదరంగుగా మార్చాలని చూస్తుంది, అప్పుడు కొంత తగ్గించాలి.

ఈ +1 అంటే ఒక స్టాపు, ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది. రెండు స్టాపులు తక్కువగా తీసిన ఫొటోను తర్వాత పెంచితే, అందులోని గరుకు కూడా నాలుగింతలై పైకి తేలుతుంది. కెమెరా కుదించి దాచే మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 వెలుతురు మెట్లే ఉంటాయి, కెమెరా పట్టినదాన్ని మార్చకుండా దాచే 14 బిట్ల రా (RAW) ఫైలులో 16,384 ఉంటాయి. అందుకే నల్లని పిట్టలను రా ఫైలులోనే తీయాలని గట్టిగా చెబుతున్నాను. పాడే పిట్ట గొంతూ తోకా కదులుతూనే ఉంటాయి గనుక షట్టర్ వేగం సెకనులో 1/800కు తగ్గకుండా చూసుకోండి.

ఎడిటింగ్‌లో ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల సర్దుబాటు) సరిచేసి, ఆ తర్వాత మార్పు పిట్ట ఒక్కదానికే తగిలేలా మాస్క్ వేసి షాడోలను, అంటే చీకటి భాగాలను, కొద్దిగా పెంచండి. నలుపు నలుపుగానే ఉంటూ అందులోని నీలిమెరుపు కనిపించిన చోట ఆగాలి. ఎత్తిన తోక కింద ఇటుకరంగు ఉంటుంది, రంగులు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. నాయిస్ (ఇందాక చెప్పిన గరుకు) తగ్గింపు నేపథ్యానికి ఎక్కువగా, ఈకలకు తక్కువగా ఇవ్వండి. షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) చివరి పని, అదీ కంటికీ ముక్కుకూ చాలు. అడ్డుగా ఉందని కంచె తీగను చెరిపేయకండి. ఆ పిట్ట బతుకుతున్న చోటుకు అది ఆనవాలు.

ప్రశ్న: ఫోనులో పిట్ట పాట వినిపిస్తే దగ్గరికి వస్తుందంటున్నారు. చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దమ్మా. మగపిట్ట ఆ పాటను తన హద్దులోకి చొరబడిన మరో మగపిట్టదిగా భావించి, మేత మానుకుని, గూటిని వదిలి దాని కోసం వెతుకుతుంది. నల్లంచి గూడు కట్టే వేసవి నెలల్లో ఇది మరీ చేటు. గూళ్ల దగ్గరికి కూడా వెళ్లకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కిస్తుంది. నల్లంచి ప్రతిరోజూ తనకు నచ్చిన రెండు మూడు చోట్లకే తిరిగి వచ్చి పాడుతుంది. ఒక రోజు కెమెరా లేకుండా వెళ్లి ఆ చోట్లు గుర్తుపెట్టుకోండి, మరునాడు తెల్లవారకముందే దూరంగా ఒక చెట్టు నీడన కదలకుండా కూర్చోండి.