మేం ఎవరినీ ఏమీ అనలేదు కదా!

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో రేసిజం గురించి అడిగినవే ఎక్కువ. పోయిన సంచికలో సోషియాలజీ, అంటే సమాజశాస్త్రం, ఏమిటో రాశాం కదా, దాని ప్రభావం అనుకుంటాను. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పెద్దదైంది, తగ్గించడం నాకిష్టం లేకపోయింది.

ప్రశ్న: మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా అమ్మాయి కాలేజీలో మొదటి సంవత్సరం, ఈ సెమిస్టర్ సోషియాలజీ తీసుకుంది. అప్పట్నుంచీ ఇంట్లో రోజూ వాదనలే. మొన్న దాన్ని హాస్టల్‌కి దింపడానికి వెళ్తూ సిటీలో నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్ సైడ్ మీదుగా పోవాల్సొచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేను డోర్ లాక్ నొక్కాను. ఎందుకు నొక్కావంది. ఏరియా మంచిది కాదన్నాను. "నువ్వు రేసిస్టువమ్మా" అనేసింది. మేం ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరి జోలికీ పోలేదు. రెండు సూట్‌కేసులతో వచ్చి, కష్టపడి ఈ స్థితికొచ్చాం. మేం పైకి రాగలిగినప్పుడు వాళ్ళెందుకు రాలేకపోయారని అడగడం కూడా తప్పేనా?
– ఒక తల్లి, నేపర్‌విల్

జవాబు: అడగడం తప్పు కాదమ్మా. వాళ్ళెందుకు రాలేకపోయారు అన్నది చాలా మంచి ప్రశ్న, జవాబు చివరిదాకా వినే ఓపిక ఉంటే.

ముందు మీ అమ్మాయి మాట సంగతి. ఆ మాటని తిట్టులా వాడితే ఎదుటివాళ్ళు తమ మంచితనం రుజువు చేసుకునే పనిలో పడతారు, అసలు విషయం పక్కకి పోతుంది. మీ ఇంట్లో అదే జరిగింది. మీరు మంచివారా కాదా అని తేల్చడానికి ఆ క్లాసు పెట్టలేదు. ఎవరి మనసులోనూ చెడు ఉద్దేశం లేకపోయినా ఫలితం మాత్రం ఎప్పుడూ ఒకవైపే ఎందుకు మొగ్గుతోంది, దాన్ని పట్టుకోవడానికి పెట్టారు.

మీకు గంటన్నర దూరంలో ఉన్న మిల్వాకీలో డేవా పేజర్ అనే సోషియాలజిస్టు చేసిన పరిశోధన ఒకటుంది, 2003లో వచ్చింది. నలుగురు కుర్రాళ్ళని తీసుకుంది, ఇద్దరు తెల్లవాళ్ళు, ఇద్దరు నల్లవాళ్ళు. అందరూ ఒకే వయసు, మాటతీరు, నడవడిక ఒకేలా ఉండేట్టు శిక్షణ ఇచ్చి, చదువు, అనుభవం సమానంగా ఉన్న రెజ్యూమెలిచ్చి, మొత్తం 350 చోట్ల చిన్న ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టించింది. జంటలో ఒకడు డ్రగ్స్ కేసులో జైలుకెళ్ళొచ్చానని రాస్తాడు, రెండోవాడికి ఏ కేసూ లేదు, వారంవారం ఈ పాత్ర మారుతూ ఉంటుంది. కేసు లేని తెల్ల కుర్రాడికి నూటికి 34 చోట్ల నుంచి పిలుపొచ్చింది. కేసు లేని నల్ల కుర్రాడికి 14. ఇప్పుడు మూడో అంకె చూడండి, జైలుకెళ్ళొచ్చానని తనే చెప్పుకున్న తెల్ల కుర్రాడికి 17. ఏ తప్పూ చేయని నల్ల కుర్రాడికన్నా ఎక్కువ. ఇందులో ఎవరూ ఎవర్నీ తిట్టనక్కర్లేదు, బయటికి పొమ్మనక్కర్లేదు. ఫోన్ చేయకపోతే చాలు. ఫోన్ రానివాడికి ఎందుకు రాలేదో కూడా తెలీదు. నిజజీవితంలో ఇది ఎవరికీ కనిపించదు, ఇలా పక్కపక్కన పెట్టి లెక్కేస్తేనే బయటపడుతుంది. అందుకే "మేం ఎవరినీ ఏమీ అనలేదు" అన్న మాట నిజమే అయినా దానితో లెక్క తేలదు.

ఇక ఆ ఏరియా. వెస్ట్ సైడ్ దానంతటదే అలా అవలేదు. 1933లో అమెరికా ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అని ఒకటి పెట్టింది, వాళ్ళు నగరాలకి మ్యాపులు గీసి ప్రతి పేటకీ రంగు వేశారు. ఆకుపచ్చ వేస్తే అప్పు భద్రం, ఎరుపు వేస్తే ప్రమాదం. నల్లజాతివాళ్ళున్న చోట్లకి దాదాపు ఎప్పుడూ ఎరుపే. మరుసటి ఏడు వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటి చోట్ల ఇళ్ళ అప్పులకి హామీ ఇవ్వలేదు. బ్యాంకు లోను లేకపోతే ఇల్లెలా కొంటారు? షికాగోలో ఉత్తర లాండేల్ లాంటి చోట్ల కాంట్రాక్టు మీద కొన్నారు. అంటే రెట్టింపు ధర, నెలనెలా వాయిదా, ఆఖరి వాయిదా కట్టేదాకా ఇల్లు అమ్మినవాడి పేరు మీదే, మధ్యలో ఒక్క నెల తప్పితే అప్పటిదాకా కట్టిందంతా పోయి వీధిన పడాలి. ఇద్దరూ పని చేసి, ఇంట్లో గదులు అద్దెకిచ్చి, మరమ్మతులకి డబ్బు మిగలక ఆ ఇళ్ళు కళ్ళముందే పాడైపోయాయి. మార్టిన్ లూథర్ కింగ్ 1966లో ఆ లాండేల్‌లోనే ఒక ఫ్లాట్‌లో కుటుంబంతో దిగి ఉద్యమం నడిపారు. ఆ ఆగస్టులో మార్క్వెట్ పార్క్ దగ్గర ఊరేగింపులో ఆయన తలకి రాయి తగిలింది. ఇళ్ళ విషయంలో వివక్ష చూపకూడదన్న చట్టం 1968 ఏప్రిల్‌లో వచ్చింది, ఆయన్ని చంపేసిన వారం రోజులకి.

చట్టమొచ్చింది గానీ పోయిన ఆస్తి తిరిగి రాలేదు. అమెరికాలో మధ్యతరగతికి ఆస్తంటే ప్రధానంగా ఇల్లే. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం తెల్లవాళ్ళ కుటుంబాల మధ్యస్థ సంపద, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న కుటుంబం ఆస్తి, 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900. పిల్లల కాలేజీ ఫీజుకీ, ఆస్పత్రి బిల్లుకీ, కొత్త ఇంటి డౌన్‌పేమెంట్‌కీ అక్కరకొచ్చే డబ్బు ఇది.

మీరు నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నప్పుడు ఏం చూశారు? స్కూల్ రేటింగ్ చూసి ఉంటారు, మనవాళ్ళందరూ ముందు చూసేది అదే, వాట్సాప్ గ్రూపుల్లో అడిగేదీ అదే. ఇల్లినాయ్‌లో స్కూళ్ళకి డబ్బు ఎక్కువ భాగం ఇంటి పన్నుల నుంచే వస్తుంది. ఇళ్ళ ధరలు పెద్దవైతే పన్ను పెద్దది, స్కూలు బాగుంటుంది, రేటింగ్ పెరుగుతుంది, రేటింగ్ చూసి ఇంకొకరు ఎక్కువ ధర పెడతారు. అవతల వెస్ట్ సైడ్‌లో ఇదే తిరగబడి నడుస్తుంది. పిల్లల మంచి కోరి తీసుకున్న నిర్ణయాలన్నీ కలిసి ఆ పాత ఎర్రగీతని ఇవాళ్టిదాకా మోసుకొచ్చాయి.

ఇప్పుడు "మేం రాగలిగాం కదా" అన్నది. 1917 చట్టం మన దేశం నుంచి వలసని దాదాపు ఆపేసింది. 1946లో ఏడాదికి వందమందికి తలుపు తీశారు. దేశానికింతమంది అన్న పాత కోటాలు పోయి మనకి దారి దొరికింది 1965 వలస చట్టంతో, అది 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం వెంట వచ్చింది. లాఠీదెబ్బలు తిని ఆ గాలిని మార్చింది నల్లజాతివాళ్ళే. ఇంకోటి, ఆ వలస చట్టం డాక్టర్లనీ ఇంజినీర్లనీ ఏరుకుని తీసుకుంది, తర్వాత వచ్చిన హెచ్-1బీ వీసా కూడా డిగ్రీ ఉన్నవాళ్ళకే. కోట్లమందిలోంచి వడపోసి తెచ్చిన వాళ్ళని, వడపోత లేకుండా ఒక జాతి మొత్తంతో పోల్చడం న్యాయం కాదు. మీ కష్టం నిజమే, అందులో ఒక్క రవ్వ కూడా తగ్గించను. కానీ ఆ రెండు సూట్‌కేసులతో పాటు మీ చేతిలో ఒక డిగ్రీ కూడా ఉంది.

డోర్ లాక్ వేసుకోండి, మీ జాగ్రత్త మీది. ఈ వారాంతం మీ అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఆ పాత మ్యాపు చూపించమనండి, రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ళు చాలా నగరాలవి ఇంటర్నెట్‌లో పెట్టారు. మీరు వెళ్ళిన రోడ్డు మీద వేలు పెట్టి ఏ రంగులో ఉందో చూడండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ సైన్స్ టీచర్ని. జాతి అనేది సమాజం కల్పించిందంటారు మీ సోషియాలజీవాళ్ళు. రంగు, జుట్టు, ముక్కు కళ్ళకి కనిపిస్తుంటే కల్పన ఎలా అవుతుంది?
– గుంటూరు నుంచి ఒక పాఠకులు

జవాబు: మాస్టారూ, రంగు కల్పన కాదు. రంగుని బట్టి మనుషుల్ని నాలుగైదు పెట్టెల్లో పడేసి, పెట్టెకో హక్కు, పెట్టెకో బుద్ధి అంటగట్టడం కల్పన. చర్మం రంగు ఎక్కువగా ఆ చోటి ఎండని బట్టి తరతరాలుగా ఏర్పడింది. అందుకే మన ముదురు రంగుకీ ఆఫ్రికావాళ్ళ ముదురు రంగుకీ దగ్గరి చుట్టరికం అక్కర్లేదు. రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త 1972లోనే చూపించాడు, మనుషుల మధ్య జన్యుపరమైన తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటాయి.

కల్పన ఎలా నడుస్తుందో చూడాలంటే కోర్టు తీర్పులు చదవాలి. వలస వచ్చినవాళ్ళలో అమెరికా పౌరసత్వం 1790 చట్టం ప్రకారం తెల్లవాళ్ళకే, 1870లో ఆఫ్రికా మూలాలవాళ్ళని చేర్చారు. 1922లో తకావో ఒజావా అనే జపాన్ దేశస్థుడు నా చర్మం తెల్లదే కదా అని సుప్రీంకోర్టుకెళ్తే, తెల్లవాడంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ (యూరప్‌వాళ్ళతో పాటు ఇంకొందరినీ కలిపి అప్పటి శాస్త్రవేత్తలు పెట్టిన జాతి పేరు) అయి ఉండాలి అన్నారు. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్ నుంచి వెళ్ళిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. మీ శాస్త్రవేత్తల లెక్కలో నేను కాకేసియన్నే అన్నాడాయన. అదే కోర్టు, తీర్పు రాసిన న్యాయమూర్తి కూడా అదే జార్జ్ సదర్లాండ్, ఈసారి శాస్త్రం పనికిరాదు, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడనుకుంటాడో అదే లెక్క అన్నాడు. ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణో దాస్ బగాయ్ అలా పౌరసత్వం పోగొట్టుకుని 1928లో ఆత్మహత్య చేసుకున్నారు.

అక్కడి జనాభా లెక్కల్లో మనవాళ్ళని 1930, 1940లలో "హిందూ" అని రాశారు, ముస్లిమైనా సిక్కైనా సరే. 1970లో తెల్లవాళ్ళలో కలిపారు. 1980లో "ఏషియన్ ఇండియన్" అన్నారు. అన్నాళ్ళూ అక్కడే బతికిన ఒక మనిషిని తీసుకోండి, ముక్కూ జుట్టూ అవే, జాతి మాత్రం మారుతూ పోయింది.

ప్రశ్న: డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. సాయంత్రాలు బయట నడవాలంటే ఈ మధ్య టెన్షన్‌గా ఉంటోంది. పార్కింగ్‌లో ఒకతను "మీ దేశానికి పో" అని అరిచాడు. అతను నల్లజాతివాడు. వాళ్ళు అంటే రేసిజం కాదా? క్లాసులో అడిగితే సరైన జవాబు రాలేదు.

జవాబు: తమ్ముడూ, అది అవమానమే, జాతి ద్వేషమే, ఎవరు అన్నా సరే. నీకు బాధ కలిగిందంటే అందులో అతి ఏమీ లేదు. సోషియాలజీలో రేసిజం అన్నప్పుడు ద్వేషంతో పాటు దాని వెనక అధికారం ఎంత ఉందో కూడా చూస్తారు. అతను అరవగలడు, నీకు వీసా రాకుండానో, ఇల్లు దొరక్కుండానో, నీ పిల్లల స్కూలు పాడయ్యేలానో చేసే వ్యవస్థ అతని చేతిలో లేదు. ఈ తేడా చెప్పేది అతన్ని వెనకేసుకు రావడానికి కాదు. మనల్ని ఎప్పటికీ పరాయివాళ్ళుగా చూసే ఆలోచన ఆ దేశంలో చాలా పాతది, అది తెల్లవాళ్ళ నోటా వస్తుంది, నల్లవాళ్ళ నోటా వస్తుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథ్‌లో మన హైదరాబాద్ ఇంజినీర్ని కాల్చి చంపినవాడు కూడా "నా దేశం నుంచి పోండి" అన్న మాటే అరిచాడు, వాడు తెల్లవాడు. అడ్డుపడబోయి తూటా తిన్న మనిషీ తెల్లవాడే.

ఒంటరిగా మనసులో పెట్టుకోకు. తేదీ, సమయం, చోటు రాసిపెట్టుకుని యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో చెప్పు. మళ్ళీ జరిగితే ఆ రాసిన కాగితం పనికొస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ సోషియాలజీ చదువుతున్నాను మేడమ్. రేసిజం మీద ప్రాజెక్టు చేయాలి. అమెరికా వెళ్ళలేను, ఇక్కడ కూర్చుని ఏం చేయను?

జవాబు: అమెరికా ఎందుకమ్మా? టోలిచౌకి వెళ్ళు. ఆఫ్రికా దేశాల విద్యార్థులు అక్కడ చాలామంది అద్దెకుంటారు. నువ్వు రోజూ బస్సులో దాటే ఏసీ గార్డ్స్ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది, ఆ సైనికుల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. పుట్టి పెరిగిన ఊళ్ళోనే "ఏ దేశం మీది" అని అడిగించుకోవడం ఎలా ఉంటుందో వాళ్ళని అడుగు.

ఒలేథ్ సంగతి పైన రాశాను కదా, అప్పుడు మనమంతా ఎంత ఉడికిపోయామో నాకు గుర్తుంది. సుమారు నెల తర్వాత, 2017 మార్చి చివర్లో, గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని ఒక మాల్‌లో గుంపు కుర్చీలతో కొట్టింది. ఒక స్థానిక కుర్రాడి చావుకి వాళ్ళే కారణమన్న అనుమానం తప్ప ఇంకేం లేదు. అంతకు ముందేడు బెంగళూరులో, ఒక సూడాన్ యువకుడి కారు కింద పడి ఒకామె చనిపోతే, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని టాంజానియా అమ్మాయిని పట్టుకుని కొట్టారు. ఈ రెండిటికీ మన ఇళ్ళల్లో ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు. నీ ప్రాజెక్టుకి ఇదే ప్రశ్న పెట్టుకోవచ్చు.

పద్ధతి గురించి ఒక్క మాట. ఇళ్ళ ఓనర్లని "మీకు ఆఫ్రికావాళ్ళంటే ఇష్టం లేదా" అని అడగొద్దు. చెప్పేదీ చేసేదీ ఒకటి కాదు. రిచర్డ్ లాపియర్ అనే సోషియాలజిస్టు 1930ల మొదట్లో ఒక చైనా జంటతో అమెరికా అంతా తిరిగాడు, సుమారు 250 హోటళ్ళు, రెస్టారెంట్లలో ఒక్కచోటే కాదన్నారు. తర్వాత అవే చోట్లకి "చైనావాళ్ళని రానిస్తారా" అని ఉత్తరం రాస్తే, జవాబిచ్చినవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా రానివ్వం అన్నారు! టోలిచౌకిలో ఇది తిరగబడి ఉండొచ్చు, మాకేం పట్టింపు లేదని చెప్పి అద్దెకి మాత్రం ఇవ్వకపోవచ్చు. కాబట్టి జరిగింది అడుగు. ఆఖరిసారి పోర్షన్ ఖాళీ అయినప్పుడు ఎవరెవరు వచ్చి చూశారు, అడ్వాన్స్ ఎంత చెప్పారు, చివరికి ఎవరికిచ్చారు. విద్యార్థుల్ని విడిగా అవే అడుగు, వాళ్ళకి చెప్పిన అద్దె ఎంత, మనవాళ్ళకి చెప్పింది ఎంత.

అదే ఓనరు మనవాళ్ళకి ఇచ్చేటప్పుడు ఇంటిపేరు ఎందుకు అడిగాడో కూడా రాసుకో. రేస్, కులం ఒకటేనని నేననను, కులానికి రంగు గుర్తు అక్కర్లేదు, పేరడిగితే చాలు. కానీ రెండిటినీ కలిపి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1946లో అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి సోషియాలజిస్టు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు, నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని. డుబాయిస్ జవాబు కూడా రాశారు. ఆ డుబాయిసే 1896లో ఫిలడెల్ఫియా సెవెంత్ వార్డులో ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎంత అద్దె కడుతున్నారు, ఎన్ని గదుల్లో ఉంటున్నారు అని ప్రతి ఇంట్లోనూ అడిగి రాసుకున్నారు. నువ్వు కూడా ఒక్క వీధి తీసుకో, చాలు. వెళ్ళేటప్పుడు స్నేహితురాలిని తోడు తీసుకెళ్ళు, ఎవరి పేరూ ప్రాజెక్టులో రాయొద్దు.