మూసీ పక్క నుంచి మొదలుపెట్టండి

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. దసరా సెలవులకు అల్లుడుగారూ, పిల్లలూ, నువ్వూ హైదరాబాద్ వస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కానీ రెండు రోజుల్లో ఫిల్మ్ సిటీ, చార్మినార్, మాల్స్ అన్నీ చుట్టేస్తామన్నారట. అలాగైతే మీరు చూసేది ట్రాఫిక్కే. ఫిల్మ్ సిటీ ఇంకోసారి చూద్దురుగాని. ఒక రోజు మూసీ పక్కనే తిరగండి, రెండోరోజు గోల్కొండ. శుక్రవారం మాత్రం పాతబస్తీ పెట్టుకోకు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు మూసేస్తారు.

రాజమండ్రిలో గోదావరి చూస్తూ పెరిగినదానివి, మూసీని చూసి ఇదీ ఒక నదేనా అని ముక్కు మూసుకుంటావు. మూసుకో, తప్పులేదు. కానీ ఈ ఊరు పుట్టిందే దాన్ని దాటాక. గోల్కొండ నుంచి ఈవలి ఒడ్డుకు రావడానికి ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో పురానాపూల్ వంతెన కట్టించాడు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ 1591లో చార్మినార్ లేపాడు. అందుకే పొద్దున్నే ముందు పురానాపూల్ మీద నాలుగడుగులు వెయ్యండి. ఎండెక్కితే ఆ సందడిలో నిలబడలేరు.

అక్కణ్ణుంచి ఆటోలో నయాపూల్ వంతెనకు. ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. పిల్లలకు చెట్టు చూపించి ఈ కథ చెప్పు. అయితే రోగులు తిరిగే చోటు, గుంపుగా సెల్ఫీలకు దిగకండి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో అన్నీ చూడాలనుకుంటే కాళ్లు పడిపోతాయి. ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడు. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కింది. పాలరాతి ముసుగే, కింద పాలరాతి ముఖమే, అయినా తడిబట్ట చాటునుంచి ముక్కూ పెదవులూ కనిపిస్తున్నట్టే ఉంటుంది. పక్కకు జరిగి కూడా చూడు. పన్నెండు కొట్టే వేళకు పిల్లల్ని గడియారం ముందు కూర్చోబెట్టు. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండు దెబ్బలు, వాళ్లు లెక్కపెట్టుకుంటారు.

చార్మినార్ గురించి కొత్తగా చెప్పేదేముంది, నువ్వే చూస్తావు. లాడ్‌బజార్‌లో మాత్రం గాజులు చేసే చోటు వెతుక్కో. బొగ్గుల మీద లక్క కాచి, మెత్తబడగానే గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు. బేరం సగం నుంచి మొదలుపెట్టు, నవ్వుతూ అడుగు. విసుక్కుంటే ధర దిగదు. ఆ పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. బిర్యానీ రాత్రికి మనింటి దగ్గర తిందాం, మధ్యాహ్నం తింటే ఇక నడవలేరు.

గోల్కొండకు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. కింద గుమ్మటం దగ్గర అల్లుడుగారిని చప్పట్లు కొట్టమని, నువ్వు పైకెక్కి విను. దారిలో రామదాసు చెరసాల ఉంది. మీ గోదావరి ఒడ్డునే భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ నవాబు తానీషా కాలంలో ఇక్కడ ఖైదయ్యాడు. గోడ మీది దేవుళ్ల బొమ్మలు ఆయనే చెక్కాడంటారు.

దిగడం మలక్‌పేట్‌లో మనింట్లోనే, హోటల్ మాటెత్తకు. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) ఇక్కణ్ణుంచి ఒక్క స్టేషనే, అక్కణ్ణుంచి నయాపూల్ దగ్గర. కారు తేవద్దని అల్లుడుగారికి చెప్పు, పాతబస్తీలో పెట్టే చోటుండదు. ఆత్రేయపురం పూతరేకులు తే. షుగరని మీ పెద్దమ్మ కేకలేస్తుంది, నా సంగతి నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న