ఆయన ఇంట్లోవాళ్ళని అడిగావా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నివాళి వ్యాసం అందింది. మీ నాన్న ప్రాణస్నేహితుడు, నువ్వు కాకా అని పిలుచుకున్న ఆ ఆర్టీసీ కండక్టర్ గురించి రాసింది శ్రద్ధగా చదివాను. పెళ్ళిళ్ళలో కట్నాలు రాసే చోట ఆయననే కూర్చోబెట్టేవాళ్ళనీ, అక్కడ కూడా అలవాటుగా నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ సందున పెట్టుకునేవాడనీ రాశావు. ఆ రెండు ముక్కల దగ్గర ఆయన నాకు కనబడ్డాడు.

ఆ తర్వాతే కోపం వచ్చింది. అజాతశత్రువు, మృదుభాషి, నిగర్వి, తీరని లోటు! చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఏ స్మృతి సంచిక తిరగేసినా ఇవే మాటలు. పేరు మార్చి ఎవరికైనా అంటించొచ్చు.

అన్నిటికన్నా ఆఖరి పేజీ నన్ను బాధపెట్టింది. "కుటుంబమే ఆయన ప్రపంచం" అన్నావు. ఎవరు చెప్పారు నీకు? వ్యాసం మొత్తంలో మీ చిన్నమ్మ ఒక్కచోటే ఉంది, "ధర్మపత్ని" అని. నోరు విప్పి ఒక్క మాటా అనలేదు. ఆమెను అడిగావా? అడిగినట్టు లేదు.

స్నేహితుడికి తెలిసేది సగం మనిషే నాయనా. అరుగు మీద కూర్చుని నవ్వే మనిషి గడప దాటి లోపలికి వెళ్ళాక ఎలా ఉంటాడో మనకేం తెలుసు? ఇంట్లోవాళ్ళని అడక్కుండా రాసిన నివాళిని నేను నమ్మను, రాసింది ఎంత పెద్ద రచయితైనా సరే.

నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు ప్రెస్సులో కంపోజిటర్. సీసం అక్షరాలు ఏరి ఏరి అతని వేలికొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. నాకు ఉద్యోగం లేని రోజుల్లో ప్రెస్సులో మిగిలిన కాగితపు ముక్కలు కట్టగట్టి తెచ్చిచ్చేవాడు. నా మొదటి కథలన్నీ వాటి మీద రాసినవే. గొప్ప మాటకారి. అతను మొదలుపెడితే చేతిలో టీ చల్లారిపోయేది. అతను పోయాక రాద్దామని కూర్చుంటే కలం సాగలేదు. వాళ్ళింటికి వెళ్ళి, నేను చెల్లెమ్మా అని పిలిచే అతని భార్యని అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది: "ఇంట్లో పెద్దగా మాట్లాడేవారు కాదు అన్నయ్యా. మాటలన్నీ మీ దగ్గరే అయిపోయేవి." కాసేపాగి, చిన్నపిల్లకి జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేవాడని కూడా చెప్పింది. అప్పుడూ మాట లేదట.

రెండూ రాసి పంపాను. ఆ వారపత్రిక ఎడిటర్ ఆమె మొదటి మాట కొట్టేశాడు. "పోయినాయన మీద ఫిర్యాదులా ఉంది, బాగుండదు" అన్నాడు. దాని చోట "అనుకూలవతి అయిన ఇల్లాలు" అని తన సొంత మాట ఇరికించాడు. ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. ఇప్పుడు ఎడిటర్ల అవసరం కూడా లేదు. మనిషి పోయాడని తెలిసిన గంటలో, ఆయన పక్కన తాము నవ్వుతున్న ఫోటో పెట్టి, ఆయన తమని ఎంత మెచ్చుకునేవాడో రాసుకుంటున్నారు. నువ్వు ఆ పని చెయ్యలేదు, సంతోషం.

మీ నాన్న, కాకా బాపు రమణల్లాంటి వాళ్ళు అన్నావు. ఆ పోలిక తీసెయ్. 2011 ఫిబ్రవరిలో రమణగారు, 2014 ఆగస్టులో బాపుగారు పోయినప్పుడు పత్రికల నిండా ఆ స్నేహమే. రెండు కుటుంబాలు మద్రాసులో ఒకే ఇంట్లో కలిసి బతికాయి. ఆ కాపురాలు నడిపిన ఇద్దరు ఇల్లాళ్ళ గురించి నువ్వెన్ని వాక్యాలు చదివావో గుర్తు చేసుకో.

"సమ్మె రోజుల్లో ఎన్నో కష్టాలు పడ్డారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు వ్యాసం అక్కడుంది కదయ్యా! 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ సమ్మె మొదలైంది. మూడు రోజులకే దసరా. సెప్టెంబరు జీతం రాలేదు. 52 రోజులు అలాగే గడిచాయి. సమ్మె విరమించి డ్యూటీకి వస్తామన్నా వెంటనే చేర్చుకోలేదు. మీ కాకా డిపో ముందు టెంటులో కూర్చుంటే, కిరాణా కొట్టుకి ఖాతా మీద సామాన్లు అడగడానికి ఎవరు వెళ్ళారు? పిల్లల ఫీజు ఎవరు కట్టారు? మీ నాన్న డబ్బులు సర్దాడా? సర్దితే ఎవరి చేతికిచ్చాడు? పండక్కి పిల్లలకి ఏం చెప్పి ఊరుకోబెట్టారు? మీ నాన్నకి కొంత తెలిసుంటుంది. అంతా తెలిసింది మీ చిన్నమ్మకే.

కథగా మార్చనా, యాసలో రాయనా, ఏ పత్రికకి పంపను అని అడిగావు. అవన్నీ తర్వాత.

దినాలు అయ్యి కొద్ది రోజులే అయింది. మాసికం కానీ, అప్పుడు వెళ్ళు. మొదటిరోజు కాగితం, కలం వద్దు. ఫోన్లో రికార్డు అసలే వద్దు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే ఎవరైనా టెన్షన్ పడి మంచిమాటలే చెబుతారు. ఆమె పని ఆమెను చేసుకోనిచ్చి పక్కన కూర్చో. కూతురితో విడిగా మాట్లాడు. వాళ్ళు ఎలా అంటే అలాగే రాయి, గ్రాంథికంలోకి దిద్దకు. మీ నాన్న చెప్పినదానికీ వాళ్ళు చెప్పినదానికీ పొంతన కుదరకపోతే రెండూ ఉంచు. అచ్చుకిచ్చే ముందు ఇద్దరికీ చదివి వినిపించు. మీ నాన్న తీసెయ్యమంటే తీసెయ్యకు. చిన్నమ్మ తీసెయ్యమంటే మాత్రం, మారు మాట్లాడకుండా తీసెయ్.