తొట్టె ఎవరి కిటికీ కింద?

సత్యనారాయణపురం, విజయవాడ.

చి. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

బ్రాడీపేటలో మీ అపార్టుమెంటు తడి చెత్తను అక్కడే ఎరువు చేద్దామంటే మీటింగులో అందరూ బాగుందన్నారని, తొట్టె ఎక్కడ పెడదామనేసరికి ఒక్కరూ నోరు విప్పలేదని రాశావు. వాళ్ల మీద కోపం పెంచుకోకు తల్లీ. మా వీధిలోనూ అంతే. దాన్ని స్వార్థమని నేననుకోను, భయం. నాలుగు రోజులు నడిపి వదిలేస్తే కంపు భరించేది పక్కింటివాళ్లే కదా!

కాబట్టి మొదటి తొట్టె నీ కిటికీ కిందే పెట్టు. బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు వెయ్యి. పిండిన గుడ్డలో ఉన్నంత తేమ చాలు. వారానికోసారి తిరగెయ్యాలి, గాలి ఆడకపోతేనే కంపు. మాంసం, చేపలు మొదట్లో వద్దు. మేం మొదటి ఏడాది ఆకులు దాచుకోలేదు. వానలకు తొట్టె మురిగి పురుగులు పట్టి, ఎదురింటి మామ్మగారు మూడు రోజులు కిటికీ తెరవలేదు. వెళ్లి క్షమించమని అడిగి, ఆ సాయంత్రమే తొట్టె ఖాళీ చేశాం. అలా వెళ్లకపోయి ఉంటే మా పని అక్కడితో ఆగిపోయేది. మాఘ ఫాల్గుణాల్లో వేపాకు రాలినప్పుడే గోతాలకెత్తి పెట్టుకో.

"పన్ను కడుతున్నాం, ఇది కార్పొరేషన్ పని" అనేవాళ్లుంటారు. వాళ్ల మాటలో న్యాయముంది. 2021లో చెత్తకు నెలనెలా వసూలు చేస్తే జనం ఎంత మండిపడ్డారో చూశాం, 2024లో రద్దయింది. అందుకే మొదట్లో ఎవరినీ డబ్బు అడగకు. ఎరువు మేం చేస్తాం, పొడి చెత్త, డైపర్లు, సూదులు మాత్రం మీరే తీసుకెళ్లాలని మీ వార్డు ఆఫీసులో పారిశుద్ధ్యం చూసే ఉద్యోగికి రాతపూర్వకంగా ఇవ్వు. 2016 నిబంధనలప్పటి నుంచీ చెత్త విడదీయాల్సింది మనం, విడిగా తీసుకెళ్లాల్సింది వాళ్లు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. పని మన నెత్తిన పెట్టి నిర్ణయం, డబ్బు పైనే అట్టిపెట్టుకుంటే జనం నమ్మరు. ఆ సంగతి కూడా గట్టిగా అడగండి.

అన్నిటికన్నా ముందు, పొద్దున్నే చెత్త తీసుకెళ్లే ఆవిడతో మాట్లాడు. ఏ ఇంట్లో కలిపేస్తారో, ఎందుకు కలుపుతారో ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కలిపిన చెత్తలో చెయ్యి పెట్టేది ఆవిడే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మన పాత ఇసుక జల్లెడ తెస్తాను. ఎరువు జల్లించడానికి అది చాలు.

మీ పెదనాన్న