కుదురుగా కూర్చోలేకపోతే అది బద్ధకం కాదు

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రాయడానికి కూర్చున్న పది నిమిషాలకే బల్ల మీదకు వాలిపోతాడు. నేల మీదైతే మోకాళ్లు ముందుకు, పాదాలు చెరో పక్కకు పెట్టి కూర్చుంటాడు. పిల్లల డాక్టరు పరీక్షించి, జబ్బేమీ లేదు, పొట్ట, నడుము కండరాల్లో పట్టు తక్కువగా ఉంది, ఫిజియోథెరపీ చేయించమన్నారు. ఇంత చిన్నవాడికి వ్యాయామాలు అవసరమా?
– ఒక తల్లి

జవాబు: అవసరమేనమ్మా. కానీ ముందు 'నిటారుగా కూర్చో' అని బాబును మందలించడం మానేయండి. చెప్పిన క్షణం నిటారుగా అవుతాడు, మరుక్షణం మళ్లీ జారిపోతాడు. మాట వినక కాదు, నిలబెట్టే కండరాలు అలసిపోయి. పొట్ట, వీపు, తుంటి కండరాలతో పాటు ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం కూడా కలిసి పనిచేస్తేనే నడుము నిలుస్తుంది. అది నిలవకపోతే తలకు చెయ్యి ఆసరా కావాలి, అక్షరాలు రాసే చేతికీ స్థిరత్వం ఉండదు. పాదాలు పక్కలకు పెట్టి కూర్చోవడం కూడా ఇలాంటి ఆసరాయే. అలా కూర్చుంటే కింద ఆధారం వెడల్పవుతుంది, నడుముకు శ్రమ తగ్గుతుంది. తిట్టకుండా, కాళ్లు ముందుకు చాపుకోమని గుర్తు చేస్తే చాలు.

ఈ వయసులో ఫిజియోథెరపీ అంటే ఆటే. పెద్దల్లా గుంజీలు తీయించనక్కర్లేదు. నాకు బాగా నచ్చేది చేతుల నడక. బాబు అరచేతులు నేలకు ఆనించి ముందుకు నడుస్తుంటే, మీరు వెనుక నుంచి కాళ్లు ఎత్తి పట్టుకోవాలి. మొదట తొడల దగ్గరే పట్టుకోండి. బలం వచ్చాక మోకాళ్లు, ఆ తర్వాత చీలమండలు. పట్టు ఎంత కిందికి జరిగితే బాబు నడుముకు అంత పని. పొట్ట నేల వైపు జారి నడుము గుంట పడిందంటే కండరాలు అలసిపోయినట్టే, అక్కడే ఆపేయాలి. వంకరగా వేసిన ఇరవై అడుగుల కన్నా సరిగ్గా వేసిన నాలుగు మేలు. కొందరు పిల్లలు ఊపిరి బిగబట్టి చేస్తారు. అందుకే గట్టిగా అంకెలు లెక్కపెట్టించండి.

ఎలుగుబంటి నడక (నడుము పైకెత్తి చేతులు, పాదాల మీద నడవడం), పీత నడక (పొట్ట పైకి ఉంచి చేతులు, పాదాల మీద నడవడం), వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం, బోర్లా పడుకుని మోచేతుల మీద బొమ్మల పుస్తకం చూడటం కూడా మంచివే. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. మార్పు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లినప్పుడల్లా మీరు పక్కనే ఉండి నేర్చుకోండి, ఎందుకంటే అసలు సాధన జరిగేది ఇంట్లోనే.

రాసుకునే కుర్చీ కూడా ఒకసారి చూడండి. పాదాలు గాలిలో వేలాడుతుంటే ఎంత బలమున్న పిల్లలైనా జారిపోతారు. కింద పీట వేయండి.

ఒకటి మాత్రం గమనిస్తూ ఉండండి. నేల మీద నుంచి లేచేటప్పుడు చేతులు మోకాళ్ల మీద, తొడల మీద పెట్టి పైకి పాకినట్టు లేస్తున్నా, పిక్కలు ఉబ్బినట్టున్నా, ఒక పక్కే బలహీనంగా ఉన్నా, ఇదివరకు చేసిన పనులు ఇప్పుడు చేయలేకపోతున్నా మళ్లీ డాక్టరుకు చూపించండి. మూత్రం, మలం మీద కొత్తగా అదుపు తప్పితే మాత్రం ఆ రోజే తీసుకెళ్లాలి.