సందేహాలు – సమాధానాలు: కారును కనుగొన్నాడా, కనిపెట్టాడా?

సందేహం: మోటారు వాహనాల చరిత్ర మీద టీవీ డాక్యుమెంటరీ ధారావాహికకు తెలుగు వ్యాఖ్యానం రాస్తున్నాను. ‘కార్ల్ బెంజ్ 1886లో కారును కనుగొన్నాడు’ అని రాస్తే ‘కనిపెట్టాడు’ అని దిద్దారు. ఏది ఒప్పు? ‘పేటెంటు చేయబడింది’, ‘ప్రవేశపెట్టబడింది’ అని రాయవచ్చా?

సమాధానం: నేటి వాడుకను బట్టి ఆ దిద్దుబాటు సరైనదే. అప్పటికే ఉండి మనకు తెలియనిదాన్ని తెలుసుకోవడం కనుగొనడం. యురేనస్ గ్రహాన్ని హెర్షెల్ కనుగొన్నాడు. లేనిదాన్ని కొత్తగా చేయడం కనిపెట్టడం. అయితే ఇది వాడుకలో స్థిరపడిన తేడా. మాటల పుట్టుకలో లేదు. రెండింటికీ మూలం చూపే. ‘పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టి ఉండు’ అన్నప్పుడు ఆ మాటకు పాత అర్థమే పలుకుతుంది. కాబట్టి ‘కనుగొన్నాడు’ ఘోరమైన తప్పేమీ కాదు, వినేవారికి స్పష్టత తగ్గుతుందంతే.

‘ఆవిష్కరించాడు’ మాత్రం ఇక్కడ వద్దు. విగ్రహాన్ని, పుస్తకాన్ని ఆవిష్కరిస్తాం. కొత్త మోడలు కారును ప్రదర్శనలో ముసుగు తీసి చూపించడమూ ఆవిష్కరణే. మోటారు చరిత్రలో ఈ అర్థం అడుగడుగునా కావాలి. ఆ మాటను దానికే ఉంచండి.

మీ వాక్యంలో అసలు చిక్కు క్రియ కన్నా ‘కారును’ అనే కర్మలో ఉంది. ఆవిరి బండిని ఫ్రాన్సులో క్యూన్యో 1769లోనే నడిపించాడు. నాలుగు స్ట్రోకుల ఇంజనును ఒట్టో 1876లో తయారుచేశాడు. బెంజ్‌తో సంబంధం లేకుండా డైమ్లర్, మైబాఖ్ అదే 1886లో నాలుగు చక్రాల బండికి ఇంజను బిగించారు. ఇన్ని ఉండగా ఒక్క ‘కారును’ అనే మాట ఎవరి వాటానూ తేల్చదు. ‘పెట్రోలు ఇంజనుతో నడిచే మూడు చక్రాల బండికి పేటెంటు కోరుతూ కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న దరఖాస్తు చేశాడు’ అని రాయండి. ఆ తేదీ దరఖాస్తుది. పేటెంటు వెలువడింది నవంబరులో. ‘జనవరి 29న పేటెంటు వచ్చింది’ అంటే వాక్యం బాగుంటుంది గానీ చరిత్ర తప్పుతుంది.

‘బండి పేటెంటు చేయబడింది’ తెలుగు నడక కాదు. పేటెంటు పొందుతాం, తీసుకుంటాం. దేనికి అన్నది ‘కు’ విభక్తితో చెబుతాం: బండికి పేటెంటు పొందాడు.

కర్త ఎవరో చెప్పనక్కరలేని చోట తెలుగుకు ‘బడు’ అవసరం లేదు, బహువచన క్రియ చాలు. ‘1913లో ఫోర్డ్ కంపెనీ వారి హైలాండ్ పార్కు కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను ప్రవేశపెట్టారు. అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టిన ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగింపు మరుసటి ఏడాదికి 93 నిమిషాల్లో పూర్తయ్యేది.’ ఎవరు ప్రవేశపెట్టారని ఏ శ్రోతా తడుముకోడు. పైగా ‘ప్రవేశపెట్టబడింది’కి ఎనిమిది అక్షరాలు, ‘ప్రవేశపెట్టారు’కు ఆరు. దృశ్యం నిడివికి మాట సరిపెట్టాల్సిన వ్యాఖ్యానంలో ఆ రెండు అక్షరాలూ లెక్కలోకి వస్తాయి. కనబడు, వినబడు, నిలబడు వంటివి భాషలో పాతుకుపోయినవి. వాటి జోలికి వెళ్లి దిద్దకండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఈ రంగంలో మనుషుల పేర్లే కంపెనీల పేర్లు. అర్థం తేల్చేది క్రియ చివరి ప్రత్యయమే: ‘ఫోర్డ్ నిర్ణయించాడు’ అంటే హెన్రీ ఫోర్డ్, ‘ఫోర్డ్ నిర్ణయించింది’ అంటే కంపెనీ. కార్ల్ భార్య బెర్తా బెంజ్ దగ్గర ఈ వెసులుబాటు పోతుంది. ఆమె 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్లకు పైగా, భర్త బండిలో వెళ్లారు. దారిలో వీస్లోఖ్ మందుల దుకాణంలో ఇంధనం కొన్నారు. ఇక్కడ ‘బెంజ్ కొన్నది’ అంటే కంపెనీ అనుకుంటారు. ‘బెర్తా’ అని పూర్తిగా చెప్పి, ‘కొన్నారు’ అనండి. ఆమెకు ‘కొన్నారు’ అన్నప్పుడు కార్ల్‌కూ ‘చేశారు’ అనే ఉండాలి. పైన నేను సూచించిన దరఖాస్తు వాక్యాన్నీ అలాగే మార్చుకోండి.