చెలకలో దొరికిన కొండచిలువ పిల్లను ఇంట్లో పెంచుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర ఊరు. నేను నల్లగొండలో రూం కిరాయికి తీసుకొని ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి పాములంటే ఇష్టం. ఒకటి పెంచుదామని రెండు ఫీట్ల అద్దాల తొట్టి, బల్బు, కొబ్బరి పొట్టు కొనిపెట్టుకున్నాను. ఆన్‌లైన్‌లో పరిచయమైన హైదరాబాద్ అతను బాల్ పైథాన్ అనే విదేశీ పాము పిల్లను అమ్ముతానంటున్నాడు, కానీ కాగితాలేమీ లేవట. ఇంతలో మా బావ పత్తి చెలకలో కొండచిలువ పిల్ల దొరికిందని పట్టి డ్రమ్ములో వేశాడు. మూడు రోజులైంది. "పైసా ఖర్చు లేకుండా దొరికింది కదా, ఇదే పెంచుకో" అంటున్నాడు. ఏది పెంచితే కేసు కాదు? తొట్టి ఎలా సర్దాలి? ఓనర్‌కు చెప్పాలా?

జవాబు: తమ్ముడూ, తొట్టి సంగతి తర్వాత చూద్దాం. ముందు బావకు ఫోన్ చేసి ఆ డ్రమ్ములో ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పు. అది కొండచిలువ పిల్లే అని మీకు ఎవరు చెప్పారు? పత్తి చేలల్లో మనవాళ్లు రక్తపింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకుంటారు, లావుగా, మచ్చలతో, కదలకుండా పడి ఉంటుంది కాబట్టి. రక్తపింజర వీపు మీద మచ్చలు గుండ్రంగా, గొలుసు అల్లినట్టు వరసగా ఉంటాయి, కొండచిలువ మచ్చలు ఒక పద్ధతి లేకుండా అడ్డదిడ్డంగా ఉంటాయి. ఈ తేడా తెలుసు కదా అని మూత తీసి చూడొద్దు, దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోతే గాలి ఆడే మూత మీద బరువు పెట్టి డ్రమ్మును నీడలో ఉంచండి, పిల్లల్ని అటు రానివ్వొద్దు. ఎవరికైనా కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు, కాలో చెయ్యో కదలకుండా పట్టుకొని నేరుగా సర్కారు దవాఖానకు పోవాలి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటుంది.

ఇప్పుడు చట్టం. అది నిజంగా కొండచిలువే అయితే నీ బావ పెద్ద ఇబ్బందిలో ఉన్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన కొండచిలువ షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. చంపితేనే నేరమని చాలామంది అనుకుంటారు. ఈ చట్టం ప్రకారం పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేట కిందికే వస్తాయి. షెడ్యూల్ 1 జీవి విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, పైగా జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి ఫారెస్టు అధికారి దగ్గర డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కూడా లేదు, అలా చేసిపెడతానని మధ్యవర్తి ఎవడైనా వస్తే నమ్మొద్దు. మీ వైపు కొన్ని ఊళ్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని ఆనుకొని ఉన్నాయి, నాగర్‌కర్నూల్‌తో పాటు నల్లగొండ జిల్లాలోనూ అది ఉంది. పట్టింది దాని హద్దు లోపల అని తేలితే కేసు ఇంకా బిగుస్తుంది.

"ప్రాణానికి ముప్పని పట్టాను" అనే వాదన ఉంది, ఆత్మరక్షణలో మంచి ఉద్దేశంతో చేసిన పనికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. కానీ అది ఆ నిమిషానికే పనికొస్తుంది. మూడు రోజులు డ్రమ్ములో ఉంచి బావమరిదివైన నీకు ఇద్దామనుకున్నాక ఆ మాట కోర్టులో నిలబడదు.

నువ్వు తప్పక తెలుసుకోవాల్సింది సెక్షన్ 39. అడవి జంతువు, అది ఎక్కడ దొరికినా, సర్కారు ఆస్తి. మీ చెలకలో దొరికినంత మాత్రాన మీది కాదు. ఎలా చేతికొచ్చినా 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ ఫారెస్టు అధికారికి గానీ తెలియజేయాలి. మీకు ఆ గడువు దాటింది. దాటిందని భయపడి రాత్రికి రాత్రి వాగులో వదిలేసి వచ్చే పని మాత్రం చెయ్యొద్దు, ఇంకొకరికి ఊరికే ఇచ్చేయడం కూడా నేరమే, ఆ సెక్షన్‌లోనే అమ్మకంతో పాటు దానం కూడా రాసి ఉంది. చేయాల్సిందల్లా ఒకటే, ఇవాళే 112కు గానీ ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు గానీ ఫోన్ చేసి వాళ్లనే రమ్మనాలి, పామును బైకు మీద పెట్టుకొని మీరు బయల్దేరొద్దు. వాళ్లు వచ్చాక తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాయండి, ఏ రోజు, ఏ సర్వే నంబర్ చెలకలో, ఏ పని చేస్తుండగా కనిపించింది, ఎందుకు పట్టారు, ఏ రోజు అప్పగించారు, అంతే. జరగనిది రాయొద్దు, మూడు రోజులైతే మూడు రోజులనే రాయాలి. రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేయించుకో. అడగకముందే తానుగా అప్పగించిన రైతుకూ సోదాలో దొరికిన మనిషికీ మధ్య తేడాను అధికారులూ చూస్తారు, కోర్టూ చూస్తుంది. బావ సంతకం చేసే ముందు దేవరకొండ కోర్టులో ఎవరైనా వకీలుకు ఆ కాగితం ఒకసారి చూపిస్తే ఇంకా మంచిది.

సోదాలో దొరికితే ఏమవుతుందో కూడా చెప్తాను. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ సెక్షన్ 57 ఉంది. జంతువు నీ దగ్గర ఉందని తేలిందా, అది అక్రమమనే కోర్టు అనుకుంటుంది, కాదని రుజువు చేసుకునే బరువు నీ మీదే పడుతుంది. నీ ఫోన్‌లో వీడియో, నువ్వు పెట్టిన రీల్, నీ స్నేహితుడి కామెంట్, అన్నీ వాళ్లకు సాక్ష్యాలే.

జెర్రిపోతు, నాగుపాము, కట్లపాము, నీటి పాము, ఏదైనా ఇదే దారి. విషం లేదు కాబట్టి పెంచుకోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. నాగుల పంచమికి వచ్చే పాములవాళ్ల దగ్గర కొన్నా తప్పే. రెండు తలల పాముకు లక్షలొస్తాయని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చెయ్, ఆ పేరు మీద మోసపోయి డబ్బూ పోగొట్టుకొని కేసులోనూ ఇరుక్కున్న కుటుంబాల బాధ మామూలుగా ఉండదు. ముందస్తు రాతపూర్వక అనుమతి అనే మాట చట్టంలో ఉంది నిజమే, కానీ ఇష్టంగా పెంచుకుంటానంటే అది ఇచ్చేది కాదు.

ఇక బాల్ పైథాన్. ఇది ఆఫ్రికా పాము, విషం లేదు, మన కొండచిలువలా పది ఫీట్లు పెరగదు, నాలుగైదు ఫీట్ల దగ్గర ఆగుతుంది. దీన్ని పెంచడం దానంతట అది నేరం కాదు. కానీ అదే వన్యప్రాణి చట్టానికి చేసిన 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై దేశాలు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) జాబితాలోని జీవులన్నీ షెడ్యూల్ 4లోకి వచ్చాయి, బాల్ పైథాన్ కూడా అందులోదే. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ 2.0 పోర్టల్‌లో రాష్ట్ర వన్యప్రాణుల ముఖ్య అధికారి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు చేయాలి, ఫీజు వెయ్యి రూపాయలు, తిరిగి రాదు. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే కేసు, మూడేళ్ల వరకు జైలు గానీ లక్ష వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు.

మరి ఆ హైదరాబాద్ అతను కాగితాల్లేవంటున్నాడంటే అర్థమేంటి? తన పేరు మీద రిజిస్ట్రేషన్ లేదు. నువ్వు దరఖాస్తు చేస్తే ఎక్కడిదని అడుగుతారు, నువ్వు చెప్పలేవు. బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో బ్యాగుల్లో కుక్కి తెచ్చిన పాములను చెన్నై, బెంగళూరు ఎయిర్‌పోర్టుల్లో పట్టుకున్న వార్తలు చూసే ఉంటావు. వాటిలో తప్పించుకొని వచ్చింది నీ తొట్టిలో చేరితే కస్టమ్స్ చట్టం కూడా మీద పడుతుంది. 2020 జూన్‌లో కేంద్రం తమ దగ్గరున్న విదేశీ జీవులను స్వచ్ఛందంగా వెల్లడించేవాళ్లకు ఒక అవకాశం ఇచ్చింది, అతను అప్పుడు చెప్పుకున్నానంటే ఆ కాగితం చూపించమను. లేదా తన పేరు మీదున్న రిజిస్ట్రేషన్ చూపించి, నీ పేరుకు మార్పిడి పోర్టల్‌లోనే చేయాలి. దుకాణమైతే 2018 పెట్ షాప్ నియమాల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఇవేవీ లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు. కార్న్ స్నేక్ అనే ఇంకో విదేశీ పాము ఆ ఒప్పందం జాబితాలో లేదని చెప్పి అమ్ముతారు, జాబితాలో లేని మాట నిజమే, కానీ దేశంలోకి లైసెన్స్ మీద వచ్చిందా అనే ప్రశ్న దానికీ ఉంటుంది.

కాగితాలన్నీ సరిగ్గా దొరికాయనుకుందాం. తొట్టి సంగతి నేను వకీలుగా చెప్పేది కొంతే, మిగతాది పాములు చూసే పశువైద్యుడిని అడుగు. రెండు ఫీట్ల తొట్టి పిల్లకు సరిపోతుంది, పెద్దయ్యాక నాలుగు ఫీట్ల పొడవు, రెండు ఫీట్ల వెడల్పు కావాలి. ఒక పక్క 31, 32 డిగ్రీల వేడి, ఇంకో పక్క 26 దాకా చల్లదనం ఉండాలి, దాక్కోవడానికి రెండు పక్కలా ఒక్కో గూడు, నీళ్ల గిన్నె, పొట్టులో కొంచెం తేమ. ఆన్‌లైన్‌లో అందరూ బల్బు గురించే చెప్తారు, అవి చలి దేశాల లెక్కలు. నల్లగొండ ఎండకాలంలో 44, 45 డిగ్రీలకు పోతుంది, పైన రేకుల కప్పో, ఎండ పడే స్లాబో ఉన్న రూంలో మధ్యాహ్నం కరెంటు పోతే అద్దాల తొట్టిలో అది ఉడికిపోతుంది, నువ్వేమో డ్యూటీలో ఉంటావు. కాబట్టి నీకు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఎంత అవసరమో, చల్లబరచడానికి కూలరో ఇన్వర్టరో అంతే అవసరం. అది ఏర్పాటు చేయలేకపోతే మే నెల దాటేదాకా పామును తీసుకురావొద్దు. బతికితే ఇరవై ఏళ్ల పైనే బతుకుతుంది, పెళ్లయ్యాక కూడా నీతోనే ఉంటుందని అమ్మకు ఇప్పుడే చెప్పాలి.

మూతకు తాళం పెట్టు, ఇది సలహా కాదు, చట్టపరమైన జాగ్రత్త. జంతువు వల్ల మనుషులకు హాని జరగకుండా చూడడంలో నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా ఉంది. విషం లేని పామే అయినా మెట్ల మీద కనిపిస్తే పక్కింటి పెద్దాయన భయంతో పడిపోతే ఆ ఖర్చు నీది. తిండికి చంపి ఫ్రీజ్ చేసిన ఎలుకలే వాడు. బతికున్న ఎలుక పామును కరిచి గాయం చేస్తుంది కూడా. వినోదం కోసం ఒక జంతువును ఇంకోదానికి ఎరగా పెట్టడం 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం, రీల్ తీయడానికి అలాంటి పని చేస్తే తప్పించుకోలేవు.

ఓనర్‌కు చెప్పాలా అన్నావు, చెప్పాలి, అదీ పాము రాకముందే. కిరాయి ఒప్పందంలో పెంపుడు జంతువుల మాట ఉందేమో చూడు, వద్దని రాసి ఉంటే రూం ఖాళీ చేయమనే హక్కు ఆయనకు ఉంటుంది. లేకపోయినా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకో, రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్సు ఒకటి ఆయనకివ్వు. ఫారెస్టోళ్లు వచ్చి అడిగితే మొదట అడిగేది ఆయన్నే. ఆయన ససేమిరా అంటే బతిమాలి ఒప్పించొద్దు, వేరే రూం చూసుకున్నాకే పాము గురించి ఆలోచించు. ఈలోపు పాములతో పని నేర్చుకోవాలనుంటే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఉన్నారు, పట్టిన పాములను అటవీ శాఖతో కలిసి అడవిలో వదులుతారు, సభ్యులకు శిక్షణ ఎలా ఇస్తారో వాళ్లనే అడుగు.